వాయు టైరుకు ప్రాణం పోసిన పశువైద్యుడు: జాన్ బాయ్డ్ డన్‌లప్ జీవితం

బండరాళ్లు, బురద, వాగుల మీదుగా నెమ్మదిగా సాగేందుకు రూపొందిన ట్రయల్స్ మోటార్‌సైకిల్‌ను కొని, దానిని రోజూ తారు రోడ్డుపైనే నడిపేవారు మన దేశంలోనూ ఉన్నారు. వారికి ఎదురయ్యే మొదటి చిక్కు టైర్లది. రాళ్లను అంటిపెట్టుకునే మెత్తని టైరు తారు మీద త్వరగా అరిగిపోతుంది. తారుకు సరిపడే గట్టి టైరు బురదలో పట్టు తప్పుతుంది. టైరు నేలకు లొంగాలా, ఎంతవరకు లొంగాలి అన్న ఈ విచికిత్సకు 130 ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. 1887లో ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ నగరంలో ఒక పశువైద్యుడు తన కుమారుడి మూడు చక్రాల సైకిలు కోసం ఇదే ప్రశ్నను పరిష్కరించేందుకు పూనుకున్నారు. ఆయనే జాన్ బాయ్డ్ డన్‌లప్. ఆయన పేరు ప్రపంచమంతటా టైర్లపై ముద్రితమైంది. అయితే ఆ పేరు తెచ్చిన సంపదలో గాని, ఆ ఆవిష్కరణపై చట్టబద్ధమైన హక్కులో గాని ఆయనకు మిగిలినది స్వల్పమే.

రైతు కుటుంబం నుంచి పశువైద్యానికి

డన్‌లప్ 1840 ఫిబ్రవరి 5న స్కాట్లండ్‌లోని ఎయిర్‌షైర్ ప్రాంతంలో, డ్రెగ్‌హార్న్ గ్రామంలో ఒక రైతు కుటుంబంలో జన్మించారు. నెలలు నిండకుండానే పుట్టిన బిడ్డ కావడంతో తన ఆరోగ్యం సున్నితమైనదన్న భావన ఆయనలో చిన్ననాటి నుంచే నాటుకుంది. జీవితాంతం ఆయన ఆ జాగ్రత్తతోనే మెలిగారు. అయినా 80 ఏళ్లు దాటే వరకు ఆయనను తీవ్రమైన వ్యాధి ఏదీ బాధించలేదు.

ఎడిన్‌బరోలో పశువైద్య విద్య అభ్యసించి, 19 ఏళ్ల వయసుకే పట్టా పొందారు. ఆ నగరంలోనే దాదాపు పదేళ్లపాటు వైద్యం చేసి, 1867లో ఐర్లండ్‌కు తరలి వెళ్లారు. సోదరుడు జేమ్స్‌తో కలిసి డౌన్‌పాట్రిక్ పట్టణంలో వైద్యశాల నెలకొల్పారు. అనంతరం బెల్‌ఫాస్ట్‌లోని మే స్ట్రీట్‌కు మారారు. 1880 దశకం మధ్య నాటికి ఆయన వైద్యశాల ఐర్లండ్‌లోని అతి పెద్ద పశువైద్య శాలల్లో ఒకటిగా ఎదిగింది. మార్గరెట్ స్టీవెన్సన్‌ను వివాహమాడిన ఆయనకు ఒక కుమార్తె, ఒక కుమారుడు కలిగారు.

అది గుర్రాల కాలం. సరుకుల బండి, ప్రయాణికుల బండి, పొలంలో నాగలి అన్నీ గుర్రంపైనే ఆధారపడి ఉండేవి. గుర్రాలకు చికిత్స చేసే వైద్యుడికి చేతినిండా పని ఉండేది. వైద్యంలో ఉపయోగపడే పరికరాలను డన్‌లప్ రబ్బరుతో స్వయంగా తయారు చేసుకునేవారు. రబ్బరును ఎలా కోయాలి, ఎలా అతకాలి, ఎంత సాగుతుంది, ఎక్కడ తెగుతుంది అన్న విషయాలు ఆయనకు చేతి అనుభవంతో తెలిసినవి. ఇంజినీరింగ్ చదువు లేని వ్యక్తి టైరు తయారు చేయగలగడానికి ఈ అనుభవమే ఆధారమైంది.

పెరటిలో రెండు చక్రాల పరీక్ష

ఆనాటి బెల్‌ఫాస్ట్ వీధులకు గ్రానైటు రాళ్లు పరిచి ఉండేవి. వాటి మధ్య ట్రాము పట్టాలు సాగేవి. సైకిళ్ల చక్రాలకు గట్టి రబ్బరు పట్టీలు తొడిగేవారు. రబ్బరు పట్టీ ఇనుము కంటే నయమే గాని, ప్రతి రాయి అదురును చువ్వల గుండా, చట్రం గుండా కూర్చున్న మనిషి వెన్ను వరకు చేరవేసేది. వైద్యుల సలహాపై వ్యాయామం కోసం సైకిలు తొక్కుతున్న డన్‌లప్ కుమారుడికి ఈ కుదుపులు ఇబ్బందిగా మారాయి. ఆ బాలుడి వయసు అప్పటికి సుమారు తొమ్మిదేళ్లు.

కుదుపును తగ్గించే ఉపాయం కోసం డన్‌లప్ 1887లో తన ఇంటి ఆవరణలోనే ప్రయోగాలు ప్రారంభించారు. పలుచని రబ్బరు షీటుతో ఒక గొట్టం చేసి, దానిని చెక్క చక్రం అంచు చుట్టూ అమర్చి, పైన నారబట్ట కప్పి మేకులతో బిగించారు. ఫుట్‌బాల్‌కు గాలి కొట్టే పంపుతో గొట్టంలో గాలి నింపారు. తరువాత ఈ చక్రాన్ని, కుమారుడి సైకిలు నుంచి తీసిన చక్రాన్ని పక్కపక్కన పెరటిలో దొర్లించారు. సైకిలు చక్రం కొంత దూరం వెళ్లి ఆగిపోయింది. గాలి నింపిన చక్రం పెరడంతా దాటి గేటు స్తంభాన్ని తాకి వెనక్కి ఎగిరింది.

ఈ చిన్న పరీక్ష వెనుక ఉన్న భౌతిక సూత్రం నేటికీ ప్రతి టైరుకు వర్తిస్తుంది. గట్టి చక్రం రాయిని తాకినప్పుడు బండి బరువు మొత్తాన్ని ఆ రాయి ఎత్తుకు లేపవలసి వస్తుంది. అలా లేపడానికి ఖర్చయిన శక్తి చాలావరకు కుదుపుగా, చప్పుడుగా వృథా అవుతుంది. గాలి నింపిన టైరు రాయిని తనలోకి ఇముడ్చుకుంటుంది. బండి దాదాపు అదే ఎత్తులో ముందుకు సాగుతుంది. కుదుపు తగ్గించాలన్న లక్ష్యంతో మొదలైన ప్రయోగం చక్రం వేగాన్ని కూడా పెంచగలదని ఆ పెరటిలోనే రుజువైంది.

తదుపరి దశలో సైకిలు వెనుక చక్రాలు రెండింటికీ ఇటువంటి టైర్లు అమర్చారు. 1888 ఆరంభంలో ఆయన కుమారుడు వాటిని రోడ్డుపై పరీక్షించాడు. రెండు చక్రాల సైకిలుపై జరిపిన పరీక్షలు మరింత మెరుగైన ఫలితాలనిచ్చాయి. 1888 జులైలో డన్‌లప్ పేటెంట్ కోసం దరఖాస్తు చేశారు. అదే ఏడాది డిసెంబరు 7న పేటెంట్ మంజూరైంది.

నవ్వులపాలైన టైరు గెలిచిన రోజు

కొత్త టైరు చూపులకు లావుగా, ఉబ్బెత్తుగా ఉండేది. సన్నని చక్రాలకు అలవాటుపడిన సైకిలు ప్రియులు దానిని చూసి నవ్వుకున్నారు. బెల్‌ఫాస్ట్ క్రూయిజర్స్ సైక్లింగ్ క్లబ్ కెప్టెన్ విలియం హ్యూమ్ మాత్రం వాయు టైర్లు అమర్చిన సైకిలును కొనుగోలు చేశారు. పోటీలో దానిని ఉపయోగించాలని డన్‌లప్ ఆయనకు సూచించారు.

1889 మే 18న బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ కాలేజీ క్రీడోత్సవాల్లో హ్యూమ్ నాలుగు సైకిలు పందేల్లో పాల్గొని నాలుగింటా విజయం సాధించారు. కొద్దికాలానికే ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో జరిగిన పోటీల్లో ఒకటి మినహా అన్నింటిలో గెలుపొందారు. బెల్‌ఫాస్ట్‌లో ఆయన చేతిలో ఓడినవారిలో డబ్లిన్‌కు చెందిన వ్యాపారి, ఐరిష్ సైక్లిస్టుల సంఘం అధ్యక్షుడు హార్వే డు క్రో కుమారులు కూడా ఉన్నారు. ఆ ఓటమికి కారణం కాళ్ల బలం కాదని, చక్రానికి తొడిగిన గాలి టైరేనని డు క్రో గ్రహించారు. 1889 నవంబరులో డు క్రో, డన్‌లప్ కలిసి డబ్లిన్‌లో ఒక కంపెనీని స్థాపించారు. వాయు టైర్ల తయారీ ఆ విధంగా పరిశ్రమగా మారింది.

చెల్లకుండా పోయిన పేటెంట్

కంపెనీ నిలదొక్కుకుంటున్న దశలోనే పెద్ద దెబ్బ తగిలింది. గాలి నింపిన చక్రంపై అంతకుముందే పేటెంట్ ఉన్నదని 1890లో వెల్లడైంది. స్కాట్లండ్‌కే చెందిన ఇంజినీరు రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే లండన్‌లో ఆ హక్కు పొందారు. అనంతరం ఫ్రాన్స్‌లో, అమెరికాలో కూడా పేటెంట్లు తీసుకున్నారు. రబ్బరు పూసిన కాన్వాసు గొట్టంపై తోలు కప్పి ఆయన చేసిన చక్రాలను 1847లో లండన్‌లోని రీజెంట్స్ పార్కులో గుర్రపు బండ్లకు అమర్చి ప్రదర్శించారు. అవి నిశ్శబ్దంగా, తేలికగా నడిచాయి. కాని ఆ కాలంలో సైకిళ్లు లేవు. మోటారు వాహనాలూ లేవు. తగినంత పలుచని, నాణ్యమైన రబ్బరు కూడా సులభంగా దొరికేది కాదు. ఆ ఆవిష్కరణ వాడుకలోకి రాకుండానే మరుగున పడింది. థామ్సన్ 1873లో ఎడిన్‌బరోలో కన్నుమూశారు.

థామ్సన్ కృషి గురించి తెలియకుండానే డన్‌లప్ తన టైరును రూపొందించారు. అయినా చట్టం దృష్టిలో మూల భావన డన్‌లప్‌ది కాకుండా పోయింది. వాయు టైరు తయారీపై కంపెనీకి గుత్తాధిపత్యం లేకుండా పోయింది. అప్పుడు డు క్రో వ్యాపార చతురత కంపెనీని కాపాడింది. ఇతరులు రూపొందించిన అనుబంధ ఆవిష్కరణలపై హక్కులను ఆయన కొనుగోలు చేశారు.

వాటిలో ముఖ్యమైనవి రెండు. డన్‌లప్ తొలి టైరును రిమ్ముకు జిగురుతో, బట్టతో శాశ్వతంగా అంటించేవారు. పంక్చరు అయితే మొత్తం విప్పవలసి వచ్చేది. 1890లో చార్లెస్ కింగ్‌స్టన్ వెల్చ్ టైరు అంచులలో సాగని తీగను అమర్చి, లోతైన రిమ్ములో కూర్చునే పద్ధతిని కనుగొన్నారు. అదే ఏడాది విలియం బార్ట్‌లెట్ టైరు అంచు రిమ్ము వంపులో చిక్కుకునే మరో పద్ధతిని రూపొందించారు. టైరును రెండు లివర్లతో విప్పి, ట్యూబు తీసి అతుకువేసి, మళ్లీ తొడగడం వీటివల్లే సాధ్యమైంది. నేటి మోటార్‌సైకిల్ టైరు అంచులో ఉండే తీగకు వెల్చ్ పద్ధతే మూలం. మన పంక్చరు దుకాణాల్లో నేటికీ సైకిలు వాల్వు ట్యూబు మార్చడం కనిపిస్తుంది. ఆ వాల్వుకు డన్‌లప్ వాల్వు అన్న పేరు స్థిరపడినా, దానిని రూపొందించినవారు వేరు. వుడ్స్ వాల్వు అన్నది దాని మరో పేరు.

సంపదకు దూరంగా

పేటెంట్ హక్కును డన్‌లప్ కంపెనీ వాటాలకు బదులుగా అప్పగించారు. 1890 దశకం తొలినాళ్లలో కుటుంబంతో డబ్లిన్‌కు మారారు. 1895లో డైరెక్టర్ పదవి నుంచి తప్పుకొని, తన వాటాలను అమ్మివేశారు. ఆ మరుసటి సంవత్సరమే, సైకిళ్ల గిరాకీ పతాక స్థాయికి చేరిన వేళ, డు క్రో కంపెనీని ఎర్నెస్ట్ టెరా హూలీ అనే ఆర్థిక వ్యాపారికి 30 లక్షల పౌండ్లకు విక్రయించారు. హూలీ దానిని 50 లక్షల పౌండ్ల విలువతో ప్రజలకు వాటాల రూపంలో అమ్మారు. ఒక్క ఏడాది వేచి ఉంటే డన్‌లప్‌కు దక్కగల లాభం ఇతరుల పాలైంది. ఆ తరువాత కంపెనీ వ్యవహారాల్లో ఆయన పాత్ర లేదు. పేరు మాత్రం కంపెనీదై పోయింది.

డబ్లిన్‌లో ఆయన ఒక వస్త్ర వ్యాపార సంస్థ నిర్వహణలో పాలుపంచుకుంటూ నిరాడంబరంగా జీవించారు. 1921 అక్టోబరులో జలుబుతో మొదలైన అస్వస్థత అనూహ్యంగా ముదిరి, అదే నెల 23న 81 ఏళ్ల వయసులో ఆయన మరణించారు. డీన్స్‌గ్రేంజ్ శ్మశానవాటికలో అంత్యక్రియలు జరిగాయి. వాయు టైరు చరిత్రపై ఆయన రాసుకున్న గ్రంథం మరణానంతరం వెలువడింది. ఉత్తర ఐర్లండ్‌లో ఒక బ్యాంకు జారీ చేసిన 10 పౌండ్ల నోటుపై ఆయన చిత్రం ముద్రితమైంది.

రాళ్ల దారి నుంచి తారు దారికి

డన్‌లప్ జీవించి ఉండగానే, 20వ శతాబ్దం తొలి సంవత్సరాల్లో, ఆయన స్వదేశమైన స్కాట్లండ్ కొండల్లో స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ అనే మోటార్‌సైకిల్ పోటీ రూపుదిద్దుకుంది. ట్రయల్స్‌లో వేగానికి ప్రాధాన్యం లేదు. బండరాళ్లు, వాగులు, జారుడు వాలుల మీదుగా కాలు నేలకు తాకకుండా బండిని నడపడమే పరీక్ష. కాలు మోపితే దోషాంకాలు పడతాయి. టైరు నేలను ఎంత గట్టిగా పట్టుకుంటే విజయం అంత దగ్గరవుతుంది.

ఈ పోటీకి భారతదేశంతో పరోక్ష సంబంధం ఉంది. బ్రిటన్‌కు చెందిన జానీ బ్రిటన్ 1952లో, 1957లో రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్‌పై ఈ ట్రయల్‌ను గెలిచారు. 1955 నుంచి మద్రాసులో తయారీ మొదలైన ఆ బుల్లెట్టే, బ్రిటన్‌లో దాని ఉత్పత్తి నిలిచిపోయిన తరువాత కూడా ఇక్కడ కొనసాగింది. ఆ పాత విజయాలను గుర్తుచేస్తూ 2019లో దేశీయ విపణిలోకి బుల్లెట్ ట్రయల్స్ నమూనాలు వచ్చాయి. వాటికి దిమ్మెల ట్రెడ్ ఉన్న టైర్లు అమర్చారు. ఇటువంటి బండ్లను కొన్నవారిలో చాలామందికి నిత్య ప్రయాణం నగర వీధుల్లోనే. టైరు మార్చవలసిన సమయం వచ్చినప్పుడు డన్‌లప్ ఎదుర్కొన్న ప్రశ్న వారి ముందుకు వస్తుంది.

పోటీలకు వాడే అసలైన ట్రయల్స్ టైరుకు పక్క గోడలు పలుచగా, రబ్బరు మెత్తగా ఉంటాయి. ట్రెడ్‌లోని చదరపు దిమ్మెలు తక్కువ లోతుతో, దగ్గరదగ్గరగా ఉంటాయి. వెనుక టైరులో గాలి పీడనం 4 లేదా 5 పీఎస్‌ఐ మాత్రమే ఉంచుతారు. ఆ స్థితిలో టైరు రాయి చుట్టూ ముద్దలా ఒదిగిపోతుంది. పెరటిలో డన్‌లప్ గుర్తించిన గుణం ఇక్కడ పరాకాష్ఠకు చేరుతుంది.

తారు రోడ్డుపై ఇదే గుణం ప్రమాదంగా మారుతుంది. గాలి తక్కువగా ఉన్న టైరు వేగంలో అదేపనిగా వంగుతూ లేస్తూ వేడెక్కుతుంది. మలుపులో పక్క గోడలు ఒరిగి బండి తూలుతుంది. ట్యూబున్న చక్రమైతే బ్రేకు వేసినప్పుడు టైరు రిమ్ముపై జారి, వాల్వు మొదట్లో ట్యూబు తెగిపోయే అవకాశముంది. తక్కువ గాలితో నడిపేవారు టైరును రిమ్ముకు పట్టి ఉంచే రిమ్ లాక్ బిగించుకునేది ఇందుకే. మెత్తని రబ్బరు తారుపై కొన్ని వేల కిలోమీటర్లకే నడిమి భాగంలో అరిగిపోతుంది. పోటీ టైర్లలో కొన్ని బహిరంగ రహదారులపై వాడకానికి ఉద్దేశించినవి కూడా కావు. కొనేముందు టైరు పక్క గోడపై ఉన్న గుర్తులను, బరువు, వేగ పరిమితుల సంకేతాలను చదవడం అవసరం.

మరో వైపు, మోటోక్రాస్ బండ్లకు తొడిగే ఎత్తైన, ఎడం ఎడంగా ఉండే బుడిపెల టైర్లున్నాయి. మన మెకానిక్‌లు వీటిని బటన్ టైర్లంటారు. బురదలో అవి దిగబడి పట్టునిస్తాయి. తారుపై మాత్రం బుడిపెల కొసలే నేలను తాకడంతో రబ్బరు స్పర్శ తగ్గుతుంది. వానలో తడిసిన రోడ్డుపై బ్రేకు వేస్తే ఆ లోటు స్పష్టంగా తెలుస్తుంది. దిమ్మెలు దగ్గరగా ఉన్న ట్రయల్స్ నమూనా ఈ విషయంలో మెరుగు. రహదారి వాడకానికి అనుమతి ఉన్న, కాస్త గట్టి రబ్బరుతో, దృఢమైన పక్క గోడలతో చేసిన దిమ్మెల టైరు నగరంలో నడిచే ట్రయల్స్ బండికి తగినది. పీడనం తయారీదారు నిర్దేశించిన మేరకే ఉంచాలి. మట్టి దారి ఎదురైనప్పుడు కొద్దిగా తగ్గించుకోవచ్చు. తిరిగి తారు ఎక్కే ముందు మళ్లీ నింపుకోవడం తప్పనిసరి. ఏడాదిలో ఒకటి రెండుసార్లు మాత్రమే కొండ దారి పట్టే వ్యక్తి ఆ ఒకటి రెండు రోజుల కోసం మిగతా రోజుల భద్రతను వదులుకోవడం తగదు.

ఎద్దుల బండి వరకు

డన్‌లప్ పేరును ధరించిన కంపెనీ 1936లో పశ్చిమ బెంగాల్‌లోని హుగ్లీ జిల్లా సాహాగంజ్‌లో కర్మాగారం నెలకొల్పింది. అప్పటికి ఆయన మరణించి 15 ఏళ్లు గడిచాయి. భారత గ్రామాలకు ఆ పేరు కార్ల కంటే బండ్ల ద్వారా ఎక్కువగా చేరింది. ఇనుప పట్టా తొడిగిన చెక్క చక్రాల స్థానంలో గాలి టైర్లు వచ్చాయి. ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో వాటిని టైరు బండ్లని పిలిచారు. ఉత్తర భారతంలోని కొన్ని ప్రాంతాల్లో అటువంటి బండినే డన్‌లప్ అన్నారు. గతుకుల దారిలో, మెత్తని నేలలో చక్రం కూరుకుపోకుండా సాగడంతో ఎద్దుల మెడపై భారం తగ్గింది.

జీవితంలో అధిక భాగం పశువుల బాధలకు చికిత్స చేసిన వైద్యుడి ఆవిష్కరణ చివరకు మూగజీవాల శ్రమను కూడా తగ్గించింది. ఆయన పేటెంట్ చెల్లలేదు. వాటాలు ముందే చేజారాయి. కుమారుడి సైకిలు కోసం ఆయన చేసిన తొలి టైర్లలో ఒకటి నేటికీ ఎడిన్‌బరోలోని స్కాట్లండ్ జాతీయ మ్యూజియంలో భద్రంగా ఉంది.